వీడుకోలుకు నోచిన శునకములు

మన భాషలో ‘కుక్కచావు’ అనే పలుకుబడి ఉన్నది. గొంతులో నీళ్ళు పోసే దిక్కు లేక, అయినవారెవరూ చెంత లేక ఒకడు ప్రాణము విడిస్తే, వాడు కుక్కచావు చచ్చినాడని లోకము చెప్పుకొంటుంది. కోపము వచ్చినపుడు ఎదుటివానికి పెట్టే శాపములలోను ఇది ఒకటి. మాట చిన్నదే గాని దాని వెనుక పెద్ద నమ్మకమే ఉన్నది. కుక్క చచ్చిపోతే ఏడ్చేవారు ఉండరనీ, దాని చావుకు సాక్షి ఉండడనీ, దానికి వీడుకోలు అనేదే లేదనీ ఆ నమ్మకము.

ఇది ఎంతవరకు నిజమో విచారించవలసిన అవసరము ఇటీవల మాకు కలిగినది. అంబర్‌పేటలో మా యింట పదమూడేండ్లు పెరిగిన కుక్క వార్ధక్యముచేత లేవలేని స్థితికి వచ్చినది. దాని పేరు మోతి. ఒక వానకాలపు రాత్రి మా గేటు క్రింద వణుకుతూ కనబడిన వీధి కుక్కపిల్ల అది. తెల్లగా ఉన్నదని పిల్లలు ఆ పేరు పెట్టినారు. ముత్యాల వ్యాపారమునకు పేరుపడిన ఈ నగరములో అంతకంటె సహజమైన పేరు మరొకటి దొరకదు. మూత్రపిండములు చెడినవని పశువైద్యులు చెప్పిన తరువాత, మా క్షేమము కోరే పొరుగింటి పెద్దమనిషి ఒకరు మంచి ఉద్దేశముతోనే ఒక సలహా ఇచ్చినారు. ‘‘ఇంకా ఎందుకండీ ఈ అవస్థ? రాత్రిపూట ఆటోలో వేసుకొనిపోయి మూసీ అవతల విడిచిపెట్టి రండి. మీకూ బాధ తప్పుతుంది, దానికీ తప్పుతుంది’’ అన్నారు.

ఆ మాట మమ్ములను చాలా దినములు వదలలేదు. ‘విడిచిపెట్టుట’, ‘వీడుకోలు చెప్పుట’ అనే రెండును చెవికి అక్కచెల్లెండ్రవలె వినబడుతవి. రెండింటి చివరను ఎడబాటే ఉన్నది. అయినను ఈ రెండును ఒకటి కావని మా మనస్సు చెప్పినది. ఎందుచేత కావో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోయి చూచినాము. అట్లు చూచినప్పుడు మాకు కనబడిన సంగతులనే శ్రోతలముందు ఉంచుచున్నాము. ఒక యింటి దుఃఖమును లోకమునకు చాటుట మా ఉద్దేశము కాదు. ఆ దుఃఖము ఎంత పాతదో చెప్పుటయే ఉద్దేశము.

1914లో జర్మనీ దేశమున, బాన్ నగరమునకు చేరువనున్న ఒబెర్‌కాసెల్ అనే చోట, రాతిగనిలో పనిచేసే కూలీలకు ఒక పురాతన సమాధి బయటపడినది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక జంతువు ఎముకలు కొన్ని ఉన్నవి. తోడేలు అని మొదట అనుకొన్న ఆ జంతువు పెంపుడు కుక్క అని చాలా ఏండ్ల తరువాతగాని పండితులు గుర్తించలేదు. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 సంవత్సరములు. అప్పటికి మనుష్యుడు వ్యవసాయము ఎరుగడు. ఆవును, గొర్రెను, గుర్రమును మచ్చిక చేసికొనలేదు. నాటికే కుక్క అతని సమాధిలో ఉన్నది.

ఆ కుక్క పండ్లను పరీక్షించి 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన విషయము ఇంకను ఆశ్చర్యకరమైనది. అది ఏడు నెలల పిల్ల. దానికి చిన్నతనముననే డిస్టెంపర్ అనే వ్యాధి సోకినది. నేటికిని టీకా వేయించని కుక్కపిల్లలను పొట్టన పెట్టుకొనే వ్యాధి అదే. జ్వరము, వాంతులు, విరేచనములు, తరువాత మూర్ఛలు; ఆదరించే చేయి లేకపోతే ఆ పిల్ల కొద్ది వారములలోనే చనిపోవలసినది. అది మరికొన్ని వారములు బ్రతికినది. అన్ని దినములు దానిని ఎవరో శుభ్రము చేసినారు, నీళ్ళు త్రాగించినారు, వెచ్చగా ఉంచినారు. రోగముతో ఉన్న కుక్కపిల్ల వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. పనికిరాని దినములలోనే దానికి ఆ సేవ జరిగినది. చనిపోయిన తరువాత మనుష్యుల సరసను చోటు దొరికినది.

పశ్చిమాసియాలో, నేటి ఇస్రాయేలు ఉత్తర భాగమునగల ఐన్ మల్లహా అనే చోట, సుమారు 12,000 ఏండ్లనాటి మరొక సమాధి దొరికినది. 1970ల చివర ఆ విషయము లోకమునకు తెలిసినది. అందులో ఒక వృద్ధ మానవుని అస్థిపంజరము ఒరిగి పడుకొని ఉన్నది. దాని చేయి ఒక కుక్కపిల్ల ఎముకలమీద ఆని ఉన్నది. ఆ చేతిని అట్లు పెట్టినవారు, అతనిని సాగనంపినవారు. బ్రతికి ఉన్నపుడు ఆ చేయి ఎక్కడ ఉండేదో వారికి తెలిసి ఉండవలెను.

మన దేశమునకు వత్తుము. కాశ్మీరములో శ్రీనగరమునకు చేరువనున్న బుర్జహోమ్ గ్రామమున 1960 తరువాత జరిగిన త్రవ్వకములలో నవీన శిలాయుగపు సమాధులు బయటపడినవి. అక్కడ కొందరు మనుష్యులతోపాటు కుక్కలను పాతిపెట్టినారు. సింధునాగరికత మైదానములలో వర్ధిల్లిన కాలముననే హిమాలయ సానువులలోని ఆ పల్లెవాసులు తమ కుక్కలకు మట్టి ఇచ్చినారన్నమాట.

ఎముకలు చెప్పే చరిత్ర ఇంతవరకే. కుక్కను విడిచిపెట్టవచ్చునా అనే ప్రశ్నను సూటిగా వేసిన గ్రంథము మన భారతము. భారతకథ కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందంటే అతిశయోక్తి కాదు. ఆదిపర్వములో, జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా దేవశుని అయిన సరమ కొడుకు అక్కడికి వచ్చినాడు. హవిస్సును తాకలేదు, దానివంక చూడనైనా లేదు. అయినను రాజు తమ్ములు ఆ పిల్లను కొట్టి తరిమినారు. సరమ వచ్చి, తప్పు చేయని నా బిడ్డను కొట్టినారు గనుక మీకు ఎదురుచూడని భయము కలుగుతుందని శపించినది. నన్నయ తెలుగు చేసిన భాగములో ఈ కథ ఉన్నది.

చివర మహాప్రస్థానిక పర్వము. ఇది తిక్కన చేతిలో తెలుగైనది. పాండవులు రాజ్యము విడిచి ఉత్తరమునకు నడచినారు. ఒక కుక్క వెంటబడినది. దారిలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోయినారు. ధర్మరాజు వెనుతిరిగి చూడలేదు. తుదకు ఇంద్రుడు రథము తెచ్చి ఎక్కుమన్నాడు. కుక్కకు స్వర్గములో చోటు లేదు, దానిని వదలి రమ్మన్నాడు. ధర్మరాజు ఒప్పుకొనలేదు. అప్పుడు ఇంద్రుడు వేసిన ప్రశ్న మనమందరము వేయదగినదే: తమ్ములను, భార్యను విడిచివచ్చినవాడవు, ఒక కుక్కను విడువలేవా?

వ్యాసభారతములో ధర్మరాజు ఇచ్చిన సమాధానము ఈ ప్రసంగమునకు ప్రాణమువంటిది. వారు మరణించినారు, మరణించినవారితో చెలిమిగాని పగగాని లేదు, వారిని తిరిగి బ్రతికించుట నా వశము కాదు, అందుచేత వదలినాను, బ్రతికి ఉన్నవారిని నేను విడువలేదు, అని దాని సారాంశము. తనను నమ్మినదానిని విడిచిపెట్టుట మహాపాతకములతో సమానమని కూడ అతడు చెప్పినాడు. చచ్చినవారిని దాటి ముందుకు నడచుట దోషము కాదు, అది తప్పనిసరి. ప్రాణముతో ఉండి నమ్మి వెంట వచ్చేదానిని వదలుట దోషము. మొదటిది వీడుకోలు, రెండవది విడిచిపెట్టుట. మా పొరుగువారి మాటకు మా మనస్సు ఎందుకు ఎదురు తిరిగినదో ఇక్కడ మాకు తెలిసినది.

పురాణము ఆదర్శమును చెపుతుంది. శాసనము జరిగినదానిని చెపుతుంది. దక్షిణదేశములో ఊరికొరకు ప్రాణమిచ్చిన వీరునికి రాయి నిలిపే ఆచారము ఉండేది. అట్టి వీరగల్లులు కొన్నింటిమీద కుక్కలు కూడ ఉన్నవి. తమిళనాడులో తిరువణ్ణామలై ప్రాంతమునగల ఎడత్తనూరులో, పల్లవ మహేంద్రవర్మ కాలపు, అనగా ఏడవ శతాబ్దపు శిల ఒకటి ఉన్నది. పశువులను దొంగిలించవచ్చినవారితో పోరాడిన వీరుని ప్రక్కన అతని కుక్క చెక్కబడి ఉన్నది. దానికి కోవివన్ అని పేరు. ఆ పేరును కూడ రాతిమీద వ్రాయించినారు.

కర్ణాటకములో మండ్య ప్రాంతపు ఆతకూరు శాసనము ఇంతకంటె ప్రసిద్ధమైనది. దాని కాలము క్రీ. శ. 949-50. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునికి, చోళులకు తక్కోలమువద్ద జరిగిన మహాయుద్ధమును అది పేర్కొంటుంది. ఆ యుద్ధములో కృష్ణుని పక్షమున నిలిచిన గాంగరాజు బూతుగుడు తన భటుడైన మణలేరుని శౌర్యమునకు మెచ్చి, కావలసినది కోరుకొమ్మన్నాడు. రాజు ఊళ్ళు ఇచ్చేవాడు, బంగారము ఇచ్చేవాడు. మణలేరుడు రాజుగారి వేటకుక్క ‘కాళి’ని ఇమ్మని కోరినాడు. తరువాత ఒక కొండ దాపున కాళిని అడవిపందిమీదికి వదలగా, రెండును ఒకదానినొకటి చంపుకొని పడిపోయినవి. ఆతకూరిలో చల్లేశ్వరుని గుడిముందర కాళికి రాయి నిలిపి, దాని పూజకు చెరువు క్రింది భూమి ఇచ్చినారు. ఆ రాతిని పూజింపక భోజనము చేయరాదని పూజారికి కట్టడి చేసినారు. ఆ శిల తరువాత బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినది. పందితో తలపడిన కాళి రూపము దానిమీద ఉన్నది. చక్రవర్తుల యుద్ధచరిత్రకు ఆధారమైన రాయి, నిజానికి ఒక కుక్కకొరకు నిలిపిన రాయి అని తలచుకొంటే చరిత్రకారునికి వినయము కలుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. రాయి ఉన్న ప్రతిచోట చరిత్ర ఉన్నదనుకొనరాదు. మహారాష్ట్రములో రాయగఢ దుర్గముమీద శివాజీ సమాధికి ఎదురుగా ‘వాఘ్యా’ అనే కుక్క విగ్రహము ఉన్నది. ప్రభువు చితిలో అది దూకినదని కథ. ఆ స్మారకము 1936 నాటిది. శివాజీ మరణించినది 1680లో. సమకాలపు సాక్ష్యము లేని ఆ కథను గురించి 2025లోను పెద్ద వివాదము చెలరేగినది. కాళి శిలను దానిని ఎరిగినవారే నిలిపినారు. వాఘ్యా శిలను రెండున్నర శతాబ్దముల తరువాతివారు నిలిపినారు. ఒకటి జరిగిన వీడుకోలు. మరొకటి జరిగి ఉంటే బాగుండునని జనులు తలచిన వీడుకోలు. రెండవదానికిని విలువ లేకపోలేదు గాని, రెండును ఒకటి కావు.

ఈ రాళ్ళన్నియు వీరకుక్కలవి. పోరాడి చచ్చినవానికి గౌరవము దక్కుట వింత కాదు. ఏ వీరకార్యమును చేయక, ఇంటిలో తిరిగి, మంచముమీద పడుకొని, ముద్దుగా పెరిగిన కుక్క మాట ఏమి? దానికి సమాధానము లండనులోని బ్రిటిష్ మ్యూజియమున ఒక పాలరాతి పలకమీద ఉన్నది. రోమకుల కాలపు ఆ పలక సుమారు రెండవ శతాబ్దమునాటిది. ఒక తెల్లని ఆడకుక్క తానే మాటలాడుచున్నట్లు దానిమీద పద్యములు చెక్కినారు. తాను గాల్ దేశమున పుట్టినదనీ, అడవులలో వేటాడుట నేర్చినదనీ, అయినను ఎన్నడును గొలుసు ఎరుగదనీ, దెబ్బ ఎరుగదనీ, యజమానుల ఒడిలో పడుకొనేదనీ, పరచిన పడకమీద నిద్రించేదనీ, తుదకు ప్రసవ సమయమున చనిపోయినదనీ వాని భావము. ఆ కుక్క పేరు మార్గరీటా. లాటిను భాషలో ఆ మాటకు అర్థము ముత్యము.

ఆ సంగతి చదివినపుడు మేము కొంతసేపు పుస్తకము మూసివేసినాము. పదునెనిమిది శతాబ్దములకు ముందు, ఏడు సముద్రముల అవతల, ఒక తెల్లని కుక్కకు ముత్యమని పేరు పెట్టుకొన్న ఇల్లు ఉండేది. ఆ యింటివారి భాష, దేవుళ్ళు, తిండి, బట్ట ఏదియు మనది కాదు. ఆ పేరు పిలిచినపుడు పరుగెత్తి వచ్చే తోక మాత్రము మనది.

మళ్ళీ మన నేలకు వత్తుము. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలమీద అశోకుని శిలాశాసనములు ఉన్నవి. వానిలో రెండవది, మనుష్యులకును పశువులకును చికిత్స చేయించుటకు ఏర్పాట్లు చేసినామని చెపుతుంది. ఓషధులు లేనిచోట వానిని తెప్పించి నాటించినారు. బాటల వెంబడి బావులు త్రవ్వించినారు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున తెలుగునేలమీద చెక్కిన ఆ మాటలు చదివి, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల ముందు ముసలి కుక్కను దుప్పటిలో చుట్టి ఎత్తుకొని నిలుచున్నవారిని చూస్తే, ఆ బాట తెగిపోలేదని తోస్తుంది.

అయితే అదే నారాయణగూడలో మరొక సంస్థ ఉన్నది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అనే ఆ సంస్థకు నగరమునగల ప్రతివారును కుక్క కరిచినపుడు పరుగెత్తుకొని పోయినవారే. కుక్కకును మనుష్యునికిని గల సంబంధములో ప్రేమ ఎంత పాతదో భయము అంత పాతది. పిచ్చికుక్క కాటువలన వచ్చే రేబిస్ లక్షణములు పైకి కనబడిన తరువాత బ్రతికి బట్టకట్టినవారు అత్యంత అరుదు. 1885 జూలై 6న పారిసులో లూయీ పాస్తరు ఒక బాలునికి మొట్టమొదట టీకా వేసేవరకు లోకమునకు దానికి మందే లేదు. మన దేశమున 1907లో కూనూరులో పాస్తరు సంస్థ వెలసినది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడునుండి టీకా తయారుచేసే పద్ధతి కనిపెట్టినాడు. బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు అని మన పెద్దలు భయముతో చెప్పుకొనేది ఆ టీకానే. 2004 చివరతో దేశములో దాని తయారీ నిలిచిపోయి, చేతికి వేసే నూతన టీకాలు దాని స్థానమున వచ్చినవి. సమయము మించిపోయినవారిని మాత్రము, నేటికిని జనులు ‘కోరంటి దవాఖానా’ అని పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి చేర్చుట ఈ ప్రాంతపువారందరును ఎరిగినదే.

ఈ భయము కుక్కల చావును మరొక త్రోవను పట్టించినది. దేశములోని పట్టణములు వీధికుక్కలను చంపించుట ఏటేటి పనిగా పెట్టుకొన్నవి. దానికి ప్రతిఘటన కూడ పాతదే. 1832 జూన్‌లో బొంబాయిలో పోలీసులు వీధికుక్కలను చంపుచుండగా, కుక్కను పవిత్రముగా చూచే పారశీకులు వీధులలోనికి వచ్చి అడ్డుకొన్నారు. నగరము స్తంభించినది. అయినను ఆ పద్ధతి ఆగలేదు. ఆ కుక్కలకు రాయి లేదు, పేరు లేదు, లెక్క మాత్రమే ఉన్నది. ‘కుక్కచావు’ అనే మాటకు అర్థము ఇట్టిచోటనే నిజమైనది.

స్వతంత్ర భారతములో ఈ దారి కొంత మళ్ళినది. నాట్యకళాకోవిదురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. హింసలను వరుసగా పేర్కొనే పదకొండవ విభాగములో కొట్టుట, అధిక బరువు మోయించుటలతోపాటు మరొక నేరము ఉన్నది: ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును కారణము లేక విడిచిపెట్టిపోవుట. భారతము పాతకమన్నదానిని చట్టము నేరమన్నది. దానికి ఆనాడు విధించిన జరిమానా, మొదటి తప్పునకు, ఏబది రూపాయలవరకు. ధర్మము పెద్దది, దండన చిన్నది.

2001లో వీధికుక్కల సంతాన నియంత్రణ నియమములు వచ్చినవి. చంపుటకు మారుగా శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని ఆ నియమములు చెప్పినవి. 2023లో వాని స్థానమున క్రొత్తవి వచ్చినవి. 2001 నియమములలో ఒక చిన్న వాక్యము మమ్ములను ఆకర్షించినది. నయము కాని రోగముతోనో, ప్రాణాంతకమైన గాయముతోనో ఉన్న కుక్కకు వైద్యుడు బాధ లేని మరణము ఇచ్చునపుడు, అది మరొక కుక్క ఎదుట జరుగరాదు. పేరు లేని వీధికుక్క చావుకు కూడ ఒక మర్యాద ఉండవలెనని ప్రభుత్వపు కాగితముమీద వ్రాయించుటకు మనకు ఇన్ని శతాబ్దములు పట్టినది.

ఈ విషయమును అంబర్‌పేటలో కూర్చుండి వ్రాయువారు మరొక సంగతి చెప్పకుండ ముగించరాదు. 2023 ఫిబ్రవరి 19న మా అంబర్‌పేటలోనే, తండ్రి కాపలా పని చేయుచోటికి వెంట వచ్చిన నాలుగేండ్ల బాలునిమీద వీధికుక్కలు గుంపుగా పడినవి. పిల్లవాడు మరణించినాడు. రాష్ట్ర హైకోర్టు తనంత తానుగా ఆ విషయమును విచారణకు తీసికొన్నది. వీధికుక్కలకు సంతాన నియంత్రణ చికిత్సలు జరిగే కేంద్రము ఒకటి ఈ అంబర్‌పేటలోనే ఉన్నదని గుర్తుంచుకొంటే, ఆ వార్త ఇంకను భారమవుతుంది. ఆ తల్లిదండ్రుల యెదుట మోతి చావును గురించి మాటలాడుటకు మాకు నోరు రాదు. ఒక కుక్కకొరకు కంట తడి పెట్టుట ఆ పిల్లవానికి అపచారమేమో అని కూడ మేము ఆలోచించినాము.

ఆలోచించగా మాకు తోచినది ఇది. ఆ గుంపులోని కుక్కయును, మా గేటు క్రింద వణికిన కుక్కపిల్లయును ఒక్క జాతివే. ఒకదానికి గిన్నె, పేరు, టీకా, శస్త్రచికిత్స, పిలిచే గొంతు దొరికినవి. మరొకదానికి చెత్తకుప్ప, రాయి, ఆకలి దొరికినవి. వీధిలో ఉన్నవన్నియు ఇంటినుండి వెళ్ళగొట్టబడినవి కావు. ఎక్కువ భాగము వీధిలోనే పుట్టినవి. కాని ఇల్లు మారినపుడు, బిడ్డ పుట్టినపుడు, కుక్క ముసలిదైనపుడు, రాత్రిపూట ఆటోలో తీసికొనిపోయి విడిచివచ్చిన ప్రతి కుక్కయు ఆ గుంపులో చేరుతుంది. మనము ‘అవతల’ అనుకొనేచోట వేరొకరి పిల్లలు ఆడుకొంటూ ఉంటారు. అందుచేత కుక్కకు సరియైన వీడుకోలు చెప్పుట మనస్సుకు సంబంధించినది మాత్రమే కాదు. వీధికి సంబంధించినది కూడ. తెచ్చుకొన్ననాడు టీకా వేయించుట ఆ వీడుకోలులో మొదటి భాగము. కడవరకు ఇంటిలోనే ఉంచుకొనుట చివరి భాగము.

చివరి భాగము నగరవాసికి నానాటికి కష్టమవుతున్నది. ఒకప్పుడు చిక్కడపల్లిలోను, అశోక్‌నగర్‌లోను, అంబర్‌పేటలోను పెరడు ఉన్న ఇండ్లు ఉండేవి. కుక్క చనిపోతే జామచెట్టు మొదట గొయ్యి తీసి, ఉప్పు చల్లి, మన్ను కప్పి, పైన బండ పెట్టేవారు. నేడు ఆ పెరళ్ళలో అపార్టుమెంట్లు లేచినవి. నాలుగవ అంతస్తులో ఉన్నవారికి రెండడుగుల సొంత మన్ను లేదు. ఇతర దేశములలో ఈ చిక్కు ముందుగానే వచ్చినది. లండనులో 1881లో చెర్రీ అనే కుక్కను హైడ్ పార్కు కాపలాదారు తోటలో పాతిపెట్టనివ్వగా, అదే క్రమముగా కుక్కల శ్మశానమైనది. 1896లో న్యూయార్కు సమీపమున ఒక పశువైద్యుడు తన ఆపిలు తోటలో చోటు ఇచ్చినాడు. 1899లో పారిసు పొలిమేరలో జంతువుల శ్మశానము ఏర్పడినది. మన నగరములోను మూసీ దిగువన, నాగోలు చేరువనున్న ఫతుల్లాగూడలో పెంపుడు జంతువులకు దహనవాటిక నెలకొన్నది. ప్రతి ఆరంభములోను ఎవరో ఒకరు, చోటు లేక వచ్చినవానికి ఇంత చోటు ఇచ్చినారు.

మోతి ఒక తెల్లవారుజామున చనిపోయినది. మేము దానిని ఎక్కడికిని తీసికొనిపోలేదు. కడపటి రెండు దినములు ఆహారము ముట్టలేదు. దూదితో నీళ్ళు తడిపితే నాలుకతో అందుకొన్నది. ఇంటిల్లిపాదియు వంతులు వేసికొని ప్రక్కన కూర్చున్నాము. చివరకు మా చేయి దాని మెడమీద ఉన్నది. ఐన్ మల్లహా సమాధి మాకు అప్పుడు గుర్తు రాలేదు. తరువాత గుర్తు వచ్చినది.

తెల్లవారిన తరువాత పొరుగింటి పెద్దమనిషి వచ్చినారు. చేతిలో ఉతికిన పాత పంచె ఒకటి ఉన్నది. దానిని పరచి, మోతిని మాతోపాటు ఎత్తి అందులో పెట్టినారు. కొంతసేపటికి, ఎవరును అడుగకుండగనే ఇట్లు చెప్పినారు: ‘‘నాకు ఎనిమిదేండ్లప్పుడు మా నాయన మా కుక్కను మూసీ అవతల విడిచివచ్చినాడండీ. పుండ్లు పడ్డవని. అది తిరిగి వస్తదేమోనని చాలా రోజులు గడపలో కూర్చున్నాను. రాలేదు. ఎట్ల పోయిందో తెలియదు.’’

ఆయన మాతోపాటు ఫతుల్లాగూడకు వచ్చినారు. పని ముగిసేవరకు నిలుచున్నారు. తిరిగి వచ్చేటపుడు ఆటోలో, మీ కుక్క పేరు ఏమండీ అని మా చిన్నవాడు ఆయనను అడిగినాడు. ఆయన చెప్పినారు. డెబ్బది ఏండ్ల తరువాత ఆ పేరు పలికినప్పుడు ఆయన గొంతు ఎట్లున్నదో మేము ఇక్కడ వ్రాయలేము. ఆ కుక్కకు ఆనాడు జరుగని వీడుకోలు, ఆలస్యముగానైనను, మా మోతితోపాటు జరిగినదని మాత్రము చెప్పగలము.